పిల్లల గౌరవం – పెద్దల బాధ్యత

గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు తూర్పున ఉన్న కామాఠీపురా పేరులోనే తెలుగువారి చరిత్ర ఇమిడి ఉన్నది. 18వ శతాబ్దం చివరి కాలంలో నిజాం రాజ్యం నుండి కూలిపనులకు, కట్టడపు పనులకు వలస వచ్చిన కామాఠీల వలన ఈ ప్రాంతానికి ఆ పేరు ఏర్పడింది. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగిన తరువాత, ఆరిన పల్లపు నేలల్లో క్రమంగా ఇక్కడి గల్లీలు వెలిశాయి. ఈ మహానగరపు రోడ్లను, భవనాలను కట్టిన చేతుల్లో తెలుగువారి చేతులు ఎన్నో ఉన్నాయి. ఆ తొలి తరం తరువాత పాలమూరు, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుండి ఎందరో వచ్చి ఈ చాళ్ళలో కాపురాలు పెట్టుకున్నారు. నేడు ఇక్కడ పెరుగుతున్న పిల్లలు ముంబయిలోనే పుట్టి, ముంబయి భాషలు మాట్లాడుతూ, ముంబయి పాఠశాలల్లో చదువుకుంటున్నవారు.

పిల్లలకు మంచి తిండి, మంచి బట్ట, మంచి చదువు ఇవ్వాలన్న తపన ఈ కుటుంబాలలో ఎంతో ఉన్నది. అందుకోసం తల్లిదండ్రులు తమ ఒంటిని అరగదీసుకుంటున్నారు. అయితే పిల్లలకు ఇవ్వవలసినది మరొకటి కూడా ఉన్నది. దానికి డబ్బు అక్కరలేదు, పెద్ద ఇల్లు అక్కరలేదు. అది గౌరవం. పిల్లలను తమతో సమానమైన మనుషులుగా చూడడం ఎందుకు అవసరమో, ఒక్క గది ఇంట్లో అది ఎట్లా సాధ్యమో, చట్టం దీని గురించి ఏమి చెబుతున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇంటికి దుబాసీ, ఇంట్లో మూగనోము

వలస కుటుంబాలలో పిల్లలు ఒక పెద్ద బాధ్యతను చిన్న వయసులోనే మోస్తున్నారు. రేషన్ దుకాణంలో, బ్యాంకులో, ఆసుపత్రిలో, వార్డు కార్యాలయంలో తల్లిదండ్రుల తరఫున మరాఠీలో, హిందీలో మాట్లాడేది తరచుగా పిల్లలే. ఇంటికి వచ్చిన కాగితం చదివి అర్థం చెప్పేది వారే. దరఖాస్తు నింపేదీ వారే. పూర్వం దొరలకూ ప్రజలకూ నడుమ దుబాసీలు ఉండేవారు. నేడు పన్నెండేళ్ళ పిల్ల తన ఇంటికీ నగరానికీ నడుమ దుబాసీగా ఉన్నది.

ఇంతటి పని చేయగల బిడ్డ ఇంట్లో నోరు తెరిస్తే మాత్రం "పెద్దవాళ్ళ మధ్య నీకేం పని?" అన్న మాట వినవలసి వస్తున్నది. బయట ఆ బిడ్డ తెలివి మీద ఆధారపడిన పెద్దలే, ఇంట్లో ఆ తెలివికి విలువ ఇవ్వడం లేదు. ఏ పాఠశాలలో చేర్చాలి, ఏ మాధ్యమంలో చదివించాలి, ఊరికి ఎప్పుడు పంపాలి, చదువు ఎప్పుడు మాన్పించాలి వంటి విషయాలు ఆ బిడ్డను ఒక్క మాటైనా అడగకుండానే నిర్ణయమవుతున్నాయి. పదో తరగతి దాటిన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. పిల్లలు తెలివైనవారు కదా అని పెద్దల భారమంతా వారి మీద వేయడం గౌరవం కాదు. తల్లికి వచ్చిన జబ్బు ఎంత తీవ్రమైనదో వైద్యుడు చెబుతుంటే దానిని తల్లికి అనువదించి చెప్పవలసిన స్థితి ఏ బిడ్డకూ రాకూడదు. అప్పులవాడితో మాట్లాడే పనికి, పోలీసు స్టేషన్ వ్యవహారానికి పిల్లలను ముందు నిలబెట్టకూడదు. అటువంటి చోట్ల భాష తెలిసిన పెద్దవారిని తోడు తీసుకొని వెళ్ళాలి. బిడ్డ సాయం తీసుకున్నప్పుడు "నీ వలన పని అయింది" అని చెప్పడం కనీస మర్యాద.

సమానత్వం అంటే ఏమిటి?

పిల్లలను సమానంగా చూడడం అనగానే చాలామంది తల్లిదండ్రులకు ఒక సందేహం కలుగుతుంది. అడిగినదల్లా కొనివ్వాలా? తప్పు చేసినా ఊరుకోవాలా? ఇంట్లో పెత్తనం పిల్లలకు ఇవ్వాలా? కాదు. పెద్దలకు ఉన్న అనుభవం పిల్లలకు ఉండదు. రోడ్డు మీద పరుగెత్తే పిల్లవాడిని చేయి పట్టి ఆపవలసిందే. రాత్రి పన్నెండు వరకు ఫోను చూస్తుంటే వద్దని చెప్పవలసిందే. బాధ్యతలో పెద్దలకూ పిల్లలకూ తేడా ఉన్నది. మర్యాదలో మాత్రం తేడా ఉండకూడదు.

దీనికి సులువైన కొలత ఒకటి ఉన్నది. బిడ్డతో అనబోయే మాటను పక్క గదిలోని పెద్దమనిషితో అనగలమా అని ఒక్క క్షణం ఆలోచించడమే ఆ కొలత. చేతిలోని గ్లాసు జారి పడితే ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎవరూ తిట్టరు. "దెబ్బ తగిలిందా?" అని అడుగుతారు. అదే గ్లాసు బిడ్డ చేతిలో నుండి జారితే ముందు వీపు మీద దెబ్బ పడుతుంది. గ్లాసు అదే, నేల అదే. మారినది ఎదుటి మనిషి వయసు మాత్రమే.

తెలుగు సంప్రదాయంలో ఈ గౌరవానికి వేళ్ళు ఉన్నాయి. కొడుకును "నాన్నా" అని, కూతురిని "అమ్మా", "తల్లీ" అని పిలిచే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. తాత పేరు పెట్టుకున్న మనవడిని ఆ పేరుతో తిట్టడానికి పెద్దలు నోరు మెదపరు. చిన్నవారిలో పెద్దవారిని చూడగల సంస్కారం ఇది. ముద్దు వచ్చినప్పుడు మాత్రమే కాక, కోపం వచ్చినప్పుడు కూడా ఈ సంస్కారం నిలవాలి.

మనవారు చూపిన దారి

ఈ ఆలోచన ఎక్కడో విదేశాల నుండి ఊడిపడినది కాదు. పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన రచయిత గుడిపాటి వెంకటచలం "బిడ్డల శిక్షణ" అనే పుస్తకమే రాశారు. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కారని, వారికి తమదైన మనసు, ఇష్టాయిష్టాలు ఉంటాయని, వారిని భయపెట్టి పెంచరాదని ఆయన వాదించారు. చలం ఇతర రచనలతో ఏకీభవించనివారు కూడా ఈ పుస్తకాన్ని చదివి ఆలోచనలో పడ్డారు.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మరొక దారిలో నడిచారు. 1945లో "బాల" పత్రికను ప్రారంభించిన ఈ దంపతులు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నిర్వహించి, తెలుగునాట "రేడియో అన్నయ్య", "రేడియో అక్కయ్య"గా పేరు పొందారు. వారు పిల్లలకు మాస్టారుగా, పంతులమ్మగా కాక, అన్నయ్యగా, అక్కయ్యగా దగ్గరయ్యారు. పిల్లలకు చెప్పడంతో ఆగక, పిల్లల చేతనే మైకు ముందు మాట్లాడించారు, పాడించారు. చిన్న గొంతుకు కూడా వినదగిన మాట ఉంటుందని వేలాది ఇళ్ళకు తెలిసివచ్చింది.

మహారాష్ట్ర, గుజరాత్ నేలల మీద కూడా ఇటువంటి కృషి జరిగింది. న్యాయవాద వృత్తిని విడిచి ఉపాధ్యాయుడైన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నడిపారు. దెబ్బ లేకుండా, భయం లేకుండా కథలతో, ఆటలతో చదువు చెప్పవచ్చునని చూపించారు. ఆయన పుస్తకం "దివాస్వప్న" తెలుగులో "పగటి కల"గా వచ్చింది. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, తరువాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్బాడ్‌లో ఆదివాసీ పిల్లల కోసం బాలవిద్యను వారి వాకిళ్ళ వద్దకే తీసుకుపోయారు. నేడు ప్రతి బస్తీకీ తెలిసిన అంగన్‌వాడీ భావనకు వారి కృషి ఒక మూలం.

సమానత్వపు మాట ముంబయి తెలుగువారికి కొత్తది కాదు. 1873లో సత్యశోధక్ సమాజాన్ని స్థాపించిన జోతిరావు ఫులేకు ఈ నగరంలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. పుట్టుక వలన ఎవరూ తక్కువ కారన్న మాటను ఆనాడే మనవారు నమ్మి, దాని కోసం నిలబడ్డారు. పుట్టుక వలన తక్కువ కానివారు వయసు వలన మాత్రం ఎట్లా తక్కువవుతారు?

పోలండ్‌కు చెందిన వైద్యుడు యానుష్ కోర్చాక్ ఈ ప్రశ్నకు జీవితంతో జవాబు చెప్పారు. ఆయన వార్సాలో నడిపిన అనాథాశ్రమంలో పిల్లల న్యాయస్థానం ఉండేది. న్యాయమూర్తులు పిల్లలే. పెద్దల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. కోర్చాక్ తానే ఆ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. 1942 జులైలో, నాజీల నిర్బంధంలో ఆకలితో ఉన్న ఆ పిల్లలు రవీంద్రనాథ ఠాగూర్ "డాక్ ఘర్" నాటకం ప్రదర్శించారు. మరుసటి నెలలో వారిని మరణ శిబిరానికి తరలించినప్పుడు కోర్చాక్ వారిని విడిచిపోవడానికి నిరాకరించి, వారితోనే వెళ్ళి ప్రాణం విడిచారు.

దెబ్బ ఏమి నేర్పుతుంది?

"మొక్కై వంగనిది మానై వంగుతుందా" అన్న సామెతను పిల్లలను కొట్టడానికి సమర్థనగా చాలామంది చెబుతారు. మొక్కను వంచేవాడు కర్రతో కొట్టి వంచడు. పక్కన ఊతం నాటి, మెత్తని దారంతో కట్టి, రోజూ నీరు పోస్తాడు. కొడితే మొక్క వంగదు, విరుగుతుంది.

ఐదేళ్ళ వరకు లాలించి, ఆ తరువాత పదేళ్ళు దండించి, పదహారో ఏట మిత్రునిగా చూడమన్న పాత నీతి కూడా ఒకటి ఉన్నది. పదేళ్ళు దెబ్బలు తిన్న కొడుకు పదహారో పుట్టినరోజు నాడు ఉన్నట్టుండి తండ్రికి మిత్రుడు కాలేడు. ఆ వయసుకు వాడు తన మనసులోని మాట బయట చెప్పుకోవడం అలవాటు చేసుకొని ఉంటాడు. ఎవరితో చెప్పుకుంటున్నాడో తండ్రికి తెలియదు. స్నేహం కావాలంటే ఐదో ఏటనే మొదలుపెట్టాలి.

శాస్త్రీయ పరిశీలనలు కూడా ఇదే చెబుతున్నాయి. అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక సమీక్షలో 75 అధ్యయనాలను, 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించారు. దెబ్బలు తిన్న పిల్లలలో దుడుకుతనం, మానసిక ఇబ్బందులు, తల్లిదండ్రులతో దూరం ఎక్కువగా కనిపించాయి. దెబ్బ వలన మేలు జరిగిందన్న ఆధారం లభించలేదు.

దీనికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. దెబ్బ తిన్న బిడ్డ ఆ క్షణంలో తన తప్పు గురించి ఆలోచించడు. నొప్పి గురించి, అవమానం గురించి ఆలోచిస్తాడు. తరువాత తప్పు మానడానికి బదులు, దొరకకుండా ఉండడం నేర్చుకుంటాడు. బలం ఉన్నవాడు బలహీనుడిని కొట్టవచ్చు అన్న పాఠం కూడా వాడికి అందుతుంది. ఆ పాఠాన్ని తన కంటె చిన్నవారి మీద, రేపు తన భార్య మీద, పిల్లల మీద ప్రయోగిస్తాడు.

భారత ప్రభుత్వ మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అందులో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర రెండూ ఉన్నాయి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు తాము శారీరక హింసకు గురయ్యామని చెప్పారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు తెలిపారు. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉన్నది. ఇంట్లో మాట వినేవారు లేని బిడ్డ, తనకు బయట అన్యాయం జరిగినప్పుడు ఆ సంగతి ఇంట్లో చెప్పదు. "నువ్వే ఏదో చేసి ఉంటావు" అన్న మాట ముందే ఆ బిడ్డ చెవిలో మోగుతుంది. గౌరవం పొందిన బిడ్డకు నోరు ఉంటుంది. ఆ నోరే ఆ బిడ్డకు మొదటి రక్షణ.

చాల్‌లో మర్యాద

పది అడుగుల ఖోలీలో ఐదారుగురు ఉండే ఇంట్లో పిల్లలకు ప్రత్యేకమైన గది ఇవ్వడం సాధ్యం కాదు. అయినా వారికంటూ కొంత చోటు ఇవ్వవచ్చు. ఒక అర, ఒక పెట్టె, గోడకు ఒక మేకు బిడ్డ పేరున ఉంచి, అడగకుండా దానిని ఎవరూ ముట్టుకోకుండా చూడవచ్చు. ఎదిగిన ఆడపిల్ల బట్టలు మార్చుకునేటప్పుడు మిగిలినవారు వరండాలోకి వెళ్ళే నియమం పెట్టుకోవచ్చు. చదువుకునే వేళ టీవీ గొంతు తగ్గించడం కూడా గౌరవమే.

చాల్‌లో తిట్టు నాలుగు గోడల మధ్య ఆగదు. వరండాలో బిడ్డను తిడితే అంతస్తంతా వింటుంది. కుళాయి దగ్గర మరునాడు దాని మీద నవ్వులాట జరుగుతుంది. కొట్టిన నొప్పి గంటలో తగ్గవచ్చు, నలుగురిలో పోయిన పరువు నొప్పి తగ్గదు. చెప్పవలసిన మాట ఏదైనా తలుపు వేసి, కూర్చొని, నెమ్మదిగా చెప్పడం మేలు. పక్క ఇంటి పిల్లలతో పోల్చడం, మార్కులు అందరి ముందు చదవడం, పక్క తడిపిన పసిబిడ్డను ఎగతాళి చేయడం మానాలి.

పనుల పంపకంలో కూడా సమానత్వం కనిపించాలి. తెల్లవారుజామున నీళ్ళు పట్టడం, గిన్నెలు తోమడం, తమ్ముడిని చూసుకోవడం అన్నీ ఆడపిల్ల వంతుగా, గల్లీలో క్రికెట్ ఆడడం మగపిల్లవాడి వంతుగా ఉండరాదు. ఇంటిపని ఇద్దరికీ నేర్పాలి, ఆట ఇద్దరికీ ఉండాలి. పరీక్షల రోజులలో ఇద్దరికీ పని తగ్గించాలి.

భాష విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇక్కడి పిల్లల తెలుగులో మరాఠీ, హిందీ కలుస్తాయి. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు వారి మాటను చుట్టాలు వెక్కిరిస్తారు. ఒకటి రెండుసార్లు అట్లా జరిగిన తరువాత ఆ పిల్లలు తెలుగులో మాట్లాడడమే మానేస్తారు. తప్పును సరిచేయవచ్చు, కానీ నవ్వకూడదు. అదే విధంగా, తల్లి మాట్లాడే తడబాటు మరాఠీని చూసి పిల్లలు సిగ్గుపడకుండా నేర్పాలి. తాను గౌరవం పొందిన బిడ్డకు ఈ పాఠం వేరుగా చెప్పవలసిన అవసరం ఉండదు.

చిరునామా చిన్నతనం కాదు

కామాఠీపురా పేరు చెప్పగానే నగరంలో కొందరు ముఖం చిట్లిస్తారు. ఇక్కడి వ్యభిచార గృహాల పేరే లోకానికి తెలిసింది కాని, తరతరాలుగా ఇక్కడ కష్టపడి బతుకుతున్న కుటుంబాల సంగతి తెలియలేదు. అందువలన పాఠశాలలో, కళాశాలలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో తమ చిరునామా చెప్పడానికి పిల్లలు వెనుకాడుతారు. గ్రాంట్ రోడ్ అనో, ముంబయి సెంట్రల్ అనో చెప్పి ఊరుకుంటారు. ఈ చిన్నతనం పిల్లల తప్పు వలన వచ్చినది కాదు. నగరాన్ని కట్టిన పనివారి పేరు మీద వెలసిన పేట ఇది అని పిల్లలకు పెద్దలు చెప్పాలి.

వ్యభిచార వృత్తిలో చిక్కుకున్న తల్లుల పిల్లలు కూడా ఇవే గల్లీలలో పెరుగుతున్నారు. 1986లో ఇక్కడ పని ప్రారంభించిన ప్రేరణ సంస్థ 1988లో ఆ పిల్లల కోసం రాత్రిపూట సంరక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. అటువంటి కేంద్రాల వలన ఎందరో పిల్లలు చదువులో నిలిచారు. అయితే కేంద్రం తలుపు దాటి వచ్చిన తరువాత ఆ పిల్లలతో ఆడవద్దని తమ బిడ్డలకు చెప్పే తల్లిదండ్రులు ఉన్నంత కాలం ఆ కృషి సగమే ఫలిస్తుంది. తల్లి చేసే పనిని బట్టి బిడ్డకు విలువ కట్టరాదు. తన బిడ్డకు గౌరవం కోరే తల్లి, పక్క బిడ్డకు కూడా దానిని ఇవ్వాలి.

చట్టం ఏమంటున్నది?

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 1992 డిసెంబరు 11న అందులో చేరింది. తనకు సంబంధించిన విషయాలలో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు, వయసుకు, పరిపక్వతకు తగినట్లుగా ఆ అభిప్రాయానికి విలువ పొందే హక్కు ప్రతి బిడ్డకూ ఉన్నదని దాని 12వ అధికరణం చెబుతున్నది.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాఠశాలలో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ, మునిసిపల్ పాఠశాలల నిర్వహణ సమితిలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. కాబట్టి "బాగా కొట్టి చదివించండి మాస్టారూ" అని చెప్పే తల్లిదండ్రులు చట్టవిరుద్ధమైన పనిని కోరుతున్నారని గ్రహించాలి. సమితి సమావేశాలకు వెళ్ళి, తమ పిల్లలు చెప్పిన ఇబ్బందులను అక్కడ వినిపించడం వారి హక్కు.

2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ బాధ్యత ఉన్నవారు పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 2016 సవరణ తరువాత 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. సొంత కుటుంబపు పనిలో సాయం చేయడానికి మినహాయింపు ఉన్నా, అది బడి వేళల తరువాత, సెలవులలో మాత్రమే. ప్రమాదకరమైన పనికి ఆ మినహాయింపు వర్తించదు.

లైంగిక నేరాల నుండి పిల్లలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం బిడ్డ మాటకు ప్రత్యేకమైన మర్యాద కల్పించింది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్ద గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవాలి. పోలీసు అధికారి యూనిఫారంలో ఉండరాదు. బిడ్డ నమ్మిన పెద్దవారు పక్కన ఉండవచ్చు. అవసరమైతే అనువాదకుని సహాయం ఇవ్వాలి. మరాఠీ రాదన్న భయంతో తెలుగు కుటుంబాలు ఫిర్యాదును మానుకోనవసరం లేదు.

ఇంట్లో దెబ్బను పూర్తిగా నిషేధించిన మొదటి దేశం స్వీడన్. 1979లో అక్కడ ఆ చట్టం వచ్చింది. మన దేశంలో ఇంటి దండన మీద అటువంటి సంపూర్ణ నిషేధం లేదు. కాబట్టి ఇంటి లోపలి గౌరవం చాలా వరకు పెద్దల విజ్ఞత మీదనే ఆధారపడి ఉన్నది.

ఆచరణకు కొన్ని మాటలు

బిడ్డ మాట్లాడుతున్నప్పుడు చేతిలోని ఫోను పక్కన పెట్టి, ముఖం చూసి వినాలి. "వద్దు" అన్నప్పుడు కారణం చెప్పాలి. కారణం చెప్పలేని నియమాన్ని ఒకసారి తిరిగి ఆలోచించుకోవాలి. కోపం పట్టలేనప్పుడు వరండాలోకి వెళ్ళి నాలుగు అడుగులు నడిచి రావడం మంచిది. పెద్దలు పొరబడినప్పుడు "పొరపాటు నాదే" అని బిడ్డతో చెప్పాలి. అట్లా చెబితే పెద్దరికం తగ్గదు, మాటకు నమ్మకం పెరుగుతుంది. వారానికి ఒక రాత్రి భోజనాల తరువాత ఇంటి ఖర్చు, ఊరి ప్రయాణం, చదువు వంటి విషయాలు పిల్లలతో కలిసి మాట్లాడుకోవాలి. చివరి నిర్ణయం పెద్దలదే కావచ్చు. తమ మాట కూడా లెక్కలోకి వచ్చిందని పిల్లలకు తెలియాలి.

ఏ బిడ్డయినా ఆపదలో ఉన్నట్లు తెలిస్తే 1098కి ఫోను చేయవచ్చు. ఇది ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. పెద్దలే కాదు, పిల్లలు కూడా స్వయంగా ఫోను చేయవచ్చు. 1996లో ఈ చైల్డ్‌లైన్ సేవ దేశంలో మొదటిసారిగా ముంబయిలోనే ప్రారంభమైంది. అత్యవసర పోలీసు సహాయానికి 112కు ఫోను చేయాలి. ఈ రెండు సంఖ్యలను ప్రతి ఇంట్లో పిల్లలకు అందే ఎత్తులో గోడ మీద రాసి ఉంచడం, వాటిని ఎప్పుడు వాడాలో వారికి చెప్పడం తల్లిదండ్రులు ఈ రోజే చేయగల పని.